ఇంటిపేరు లేని కొలత

సోమవారం, పన్నెండో తేదీ

మొండిఘటానికి,

నువ్వూ మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయి ఆగిపోయాను. మూడేళ్ల తర్వాత రాస్తున్న ఉత్తరం అబద్ధంతో మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు.

ఫోన్ చేస్తే ఎత్తవు. మెయిల్ పెడితే తిరిగొచ్చింది. అందుకే మీ అమ్మగారి చిరునామాకి కాగితం మీద రాస్తున్నాను. కోపం ఉంటే ఉండనీ, చదివాక చింపెయ్యి. ముందే చింపకు.

మన "కొలత" గుర్తుందా? రక్తపరీక్ష మెషీన్ ఇచ్చిన అంకెను ఒక కొలతలోంచి ఇంకో కొలతలోకి మార్చే చిన్న ప్యాకేజీ, ఏ ప్రోగ్రాములోనైనా తగిలించుకునే కోడు ముక్క. నువ్వూ నేనూ రెండు రోజుల్లో రాసేశాం. ఆస్పత్రి ల్యాబులకు మన కంపెనీ ఇచ్చే ప్రతి ప్రోగ్రాములోనూ అది ఓ మూల ఉంటుంది. ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

పోయిన మంగళవారం పొద్దున మాస్టారు మామూలుగా చేసే అప్‌డేటే చేశారు. మాస్టారంటే నీ ఎదురు సీటాయనే. పాతికేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి, యాభై దాటాక ప్రోగ్రామింగ్ నేర్చుకుని వచ్చిన మనిషి. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ప్రోగ్రాము, ఆ ప్యాకేజీ మేనేజర్‌కి మనం పేరు ఒక్కటే చెప్తాం కదా. అది మన సొంత స్టోరులోనూ, లోకమంతా వాడుకునే బయటి స్టోరులోనూ వెతికి, ఎక్కడ పెద్ద వెర్షన్ ఉంటే అక్కడినుంచి తెచ్చి పెడుతుంది. మన కొలత రెండో వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. బయటి స్టోరులో అంతకు ముందు వారమే ఎవరో అదే పేరుతో ఇంకోటి పెట్టారు. నాలుగో వెర్షన్. దేనికనుకున్నావ్? బట్టలు కుట్టేవాళ్లకి! భుజం, నడుం, అంగుళాలు, సెంటీమీటర్లు. పెట్టినవాడు దొంగ కూడా కాదే, తిట్టుకోవడానికి. పేరు ఖాళీగా కనిపించింది, పెట్టుకున్నాడు.

అది మన ప్రోగ్రాములోకి వచ్చి కూర్చుంది. తెలియని కొలత ఎదురైతే అంకెను ఉన్నదున్నట్టు తిరిగిచ్చేస్తుంది. గోల చెయ్యదు, ఆగిపోదు. మిగతా అంకెలన్నీ మెషీన్ నుంచే సరైన కొలతలో వస్తాయి గానీ, మెగ్నీషియం ఒక్కటీ మనం మార్చాలి. రెండుకి దగ్గరగా ఉండాల్సిన చోట కాగితం మీద సున్నా పాయింట్ ఎనిమిది పడింది. కిడ్నీ జబ్బుతో చేరిన ఒకావిడకి ఆ కాగితం చూసి, తక్కువైందనుకుని మెగ్నీషియం ఎక్కించారు. డ్యూటీ మారి వచ్చిన నర్సు ఆవిడ ఊపిరి లెక్కపెట్టి, మందగిస్తోందని అనుమానం వచ్చి ఆపించింది. కాబట్టి ప్రాణం ఉంది. ఇంకా వెంటిలేటర్ మీదే ఉంది.

గురువారానికి కారణం దొరికింది. శుక్రవారానికి మాస్టారిని ఇంటికి పంపేశారు. బటన్ నొక్కింది ఆయనే కదా.

శనివారం కమిటీ వేశారు, మాస్టారినీ పిలిపించారు. ఈ ప్రమాదం గురించి ఎవరైనా ముందే చెప్పారా అని అడిగారు. మాస్టారు లేచి నిలబడ్డారు, బళ్లో నిలబడ్డట్టే. నువ్వు మానేసే ముందు నాకో మెయిల్ రాశావనీ, భోజనాల దగ్గర ఆయనతో చెప్పావనీ అన్నారు. అందరూ నా వైపు చూశారు. నాకేమీ అందలేదన్నాను. ఆయన నా మొహం కేసి ఓ క్షణం చూసి, "అయితే నేనే పొరబడి ఉంటానమ్మా" అని కూర్చున్నారు.

నువ్వు మీటింగులో అన్నది మాత్రం నాకు గుర్తుంది. "ప్రతి ప్యాకేజీకీ ముందు మన కంపెనీ పేరు తగిలిద్దామే, ఇంటిపేరు లాగ. ఆ ఇంటిపేరుని, అదే ఆ నేమ్‌స్పేస్‌ని, బయటి స్టోరులో కూడా మన పేరునే రిజిస్టర్ చేయించుకుంటే దాని కింద ఇంకెవరూ ఏదీ పెట్టలేరు" అన్నావు. నేను నవ్వాను. "ఇంటిపేర్లతో సరిపెడతావా, ఓటరు కార్డులు కూడా ఇప్పిస్తావా" అన్నాను. గది గదంతా నవ్వింది. నువ్వు నవ్వలేదు. ఆరు వారాల పని, ఇప్పుడు కుదరదు అని ఫైలు మూసేశాను.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. ఆ మెయిల్ కాపీ నీ దగ్గర ఉందా? ఉంటే నాకు పంపు. నాకు మాత్రమే. కమిటీకి పంపకు, వాళ్లు సగం చదివి తలాతోకా లేకుండా అర్థం చేసుకుంటారు. నేను దగ్గరుండి చూపిస్తాను. మాస్టారి ఉద్యోగం నీ చేతుల్లో ఉంది. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

ఒకప్పటి నీ పక్క సీటు


శుక్రవారం, పదహారో తేదీ

మొండిఘటమా,

మీ అమ్మగారికి నమస్కారాలు. నాలుగు రోజులైంది. ఉత్తరం అందినట్టు సంతకంతో కొరియర్ రసీదు కూడా వచ్చింది. అయినా నీ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. చదివావనే అనుకుంటున్నాను. చదివి ఊరుకున్నావంటే నాకింకా భయంగా ఉంది.

నిన్న ఆస్పత్రికి వెళ్లాను. నాలుగో అంతస్తులో, వార్డు తలుపు బయట ఇనుప బెంచీ మీద మాస్టారు కూర్చుని ఉన్నారు. చేతిలో మడతపెట్టిన పేపరు, పక్కన నీళ్ల సీసా. ఇంటికి పంపేసినప్పటినుంచీ రోజూ పొద్దున ఆఫీసు టైముకి అక్కడికి వచ్చి, ఆఫీసు టైముకి ఇంటికి వెళ్తున్నారట. ఇంట్లో వాళ్లకి సెలవు అని చెప్పారట.

ఆయన పక్కనే పేషెంటు భర్త. వడ్రంగి. గోళ్ల సందుల్లో ఇంకా రంపప్పొడి ఉంది. మొదటి రోజు ఈయన ఎవరో అతనికి తెలియలేదు, తన లాగే ఎవరికోసమో వచ్చిన మనిషి అనుకున్నాడు. రెండో రోజు మాస్టారే చెప్పేశారట, "బాబూ, ఆ బటన్ నొక్కింది నేను" అని. ఆ మనిషి కొడతాడనే అనుకున్నారట. కొట్టలేదు. తలుపు కేసి చూసి ఒక్కటే అడిగాడట.

"మీరు నొక్కారు, సరే. నొక్కకముందు చెప్పేవాళ్లు మీ ఆఫీసులో ఒక్కళ్లు కూడా లేరా అండీ?"

మాస్టారు ఈ మాట నాకు చెప్తూ నా మొహం చూడలేదు. జేబులోంచి రాజీనామా కాగితం తీసి చూపించారు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. తన అజాగ్రత్త వల్లే జరిగిందని రాశారు. "సోమవారం కమిటీకి ఇచ్చేస్తానమ్మా, మీకందరికీ ఈ తలనొప్పి వదులుతుంది" అన్నారు. వద్దండీ అన్నాను. మెట్లు దిగుతూ రెండో అంతస్తు దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయాను. అటుగా వెళ్తున్న ఆయా, లోపల ఎవరమ్మా మీవాళ్లు అని అడిగింది.

ఆఫీసులో బుధవారం నుంచి మనవాళ్లంతా ఒకే పని మీద ఉన్నారు. నలభై ఒక్క ప్యాకేజీలకీ ముందు మన పేరు తగిలిస్తున్నారు. వాటిని వాడే ప్రతిచోటా కొత్త పేరు రాసి, మన పేరున్నది మన స్టోరులోంచి తప్ప ఇంకెక్కడినుంచీ తేవద్దని ప్యాకేజీ మేనేజర్‌కి చెప్తున్నారు. బయటి స్టోరులో కూడా ఆ పేరు మనదేనని రాయించేశారు. శనివారానికి అయిపోతుందట. నాలుగు రోజులు! ఆరు వారాలని నీతో వాదించాను. తెలిసి వాదించానో తెలియక వాదించానో నాకే తెలియడం లేదు.

నేను వచ్చేశాక, నిన్న సాయంత్రం ఆ పేషెంటుకి వెంటిలేటర్ తీశారట, మాస్టారు ఫోన్‌లో చెప్పారు. గొంతు ఇంకా రాలేదు. భర్త చెయ్యి పట్టుకుని వేలితో అరచేతిలో ఏదో రాసిందట. ఆ వడ్రంగికి చదవడం రాదు. మాస్టారిని లోపలికి పిలిచి, ఏం రాస్తోందో చూసి చెప్పమన్నాడు. "ఇంటికి" అని రాసింది.

సోమవారం పదింటికి కమిటీ. ఒక్క లైను రాయవే.

నీ పక్క సీటు

తా.క. కవరు అంటించాను. మళ్లీ చింపాను.

నీ మెయిల్ నాకు అందింది. మూడేళ్ల కిందట, ఏప్రిల్ ముప్ఫయ్యో తేదీ సాయంత్రం. రెండుసార్లు చదివాను. నలభై ఒక్క పేర్లూ వరసగా రాశావు. బయటి స్టోరులో అవన్నీ ఖాళీగా ఉన్నాయనీ, చెడ్డవాడే రానక్కర్లేదు, ఎవరో అమాయకుడు ఆ పేరు పెట్టుకున్నా చాలనీ రాశావు. నన్ను టీముకి పెద్దని చేసింది ఆ వారమే. నువ్వన్నది నిజమని పైవాళ్లకి చెప్తే, మీటింగులో నేను నవ్వింది తప్పవుతుంది. అంతే. ఇంత చిన్న కారణం.

పోయిన గురువారం అసలు సంగతి బయటపడ్డ పది నిమిషాలకి, ఎవరికీ చెప్పకముందే, నీ మెయిల్ వెతికి తీసేశాను. చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. కాపీ నాకు మాత్రమే పంపమన్నది మాస్టారి కోసం కాదు. అది ఇంకెవరి కంటా పడకుండా ఉండడానికి. నీ చేతుల్లో ఉన్నది ఆయన ఉద్యోగం అని రాశాను. నేను భయపడింది నా ఉద్యోగానికి.

నీ దగ్గర కాపీ ఉంటే నేరుగా కమిటీకే పంపు. నాకు వద్దు.

ఇక్కడిదాకా రాసి రెండు కాపీలు తీయించాను. ఒకటి కమిటీ పెద్దావిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ నిలబడే చదివి, నా గుర్తింపు కార్డు అడిగి తీసుకున్నారు. మాస్టారు రాజీనామా కాగితం ఇచ్చినా ఇక తీసుకోం అన్నారు. రెండోది ఆస్పత్రికి పట్టుకెళ్లి మాస్టారికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా, తొందర లేకుండా చదివారు. తిడతారేమోనని నిలబడ్డాను. తిడితే బాగుండేది.

"మెయిల్ తేదీ తప్పమ్మా," అన్నారు. "మే ముప్ఫై అని రాశారు. అప్పటికి అది రాసినావిడ ఉద్యోగం మానేసి వెళ్లిపోయి నెలైంది. ఏప్రిల్."

నీకు పంపే ఈ కాగితంలో కూడా మే కొట్టేసి ఏప్రిల్ అని దిద్దాను. పెన్ను ఆయనే ఇచ్చారు.