ఆవిడ మాట, అమ్మాయి మాట

అల్లుడుగారికి అత్తయ్య ఆశీస్సులు.

గురువారం కారు తెస్తానని, అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్దామని కబురు చేశారు. వద్దు. మేమిద్దరం బస్సులో వెళ్తాం. ఎందుకో ఫోన్లో చెబితే నోరు జారుతానని రాస్తున్నాను.

మొన్న కాలువ దగ్గర లారీ ఆపుకుని నిలబడ్డ డ్రైవరు, "సార్, వంతెన కూలిపోయింది, వెనక్కి తిప్పండి" అని గొంతు చించుకున్నాడు. మీరేమో "మ్యాప్‌లో దారి ఉందయ్యా" అన్నారు. ఎదురుగా నీళ్ళు బాబూ! కళ్ళజోడు లేకుండా నాకే కనిపించాయి. ఎనిమిదో నెల కడుపుతో పక్కన కూర్చున్న మీ భార్య "ఆపండి, ఆపండి" అని అరిచింది. ముందు చక్రాలు నీళ్ళలోకి దిగాక గానీ మీరు బ్రేకు తొక్కలేదు. అప్పుడు కూడా ఫోన్లో దారి చెప్పే ఆవిడ "నేరుగా వెళ్ళండి" అంటూనే ఉంది. ఆవిడకేం పోయింది? కారులో ఉన్నది మనం.

డ్రైవరు తాడు కట్టి కారు లాగాడు. మీరు అమ్మాయిని ఎత్తుకుని గట్టుకు చేర్చారు.

దారి తెలియకపోతే ఫోన్ని అడగండి, తప్పులేదు. కానీ ముక్కూమొహం తెలియని ఆవిడ మాట వేదవాక్కయింది, కట్టుకున్నదాని మాట గాలికి పోయింది. అమ్మాయిని ఏడిపిస్తున్నది ఆ నీళ్ళు కాదు, ఇది.

నేను రాస్తున్నట్టు దానికి తెలియదు. గురువారం మీరు కూడా మాతో బస్సెక్కండి. దాని పక్కన కూర్చుని, అది చెప్పేది చివరిదాకా వినండి.

మీ అత్తయ్య