అరిష్టానికి రెండర్థాలు

నంద్యాల,
10 ఆగస్టు 1986, ఆదివారం.

చిరంజీవి నాగిరెడ్డికి మీ అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ, నీ కొడుకు సుధాకరూ క్షేమం. కోడలి మోకాలి నొప్పి తగ్గిందా? శుక్రవారం పెళ్లిచూపులున్నాయి, పిల్లవాణ్ణి ఆళ్లగడ్డకు తీసుకురమ్మని నువ్వు రాసిన కార్డు నిన్న అందింది. అందుకే ఈరోజే రాస్తున్నాను. తీసుకురాను.

వాణ్ణి ఇంకా దూరంగా ఉంచాలంటే, తాగుడు మానేవాళ్లను ఇంటికి పంపేముందు కొన్నాళ్లు ఉంచే ఆస్పత్రివాళ్ల సగందారి ఇల్లు ఉంది కదా, ఈ బాడుగ ఇల్లెందుకు అని అడిగావు. ఆ ఇంటిని నేను తప్పుపట్టను. వార్డెన్ ఉన్నాడు, గేటుకు తాళముంది, వారానికోసారి డాక్టరు వస్తాడు. సుధాకర్ చేతుల వణుకు తగ్గింది అక్కడే. కానీ గడువు తీరగానే మంచం ఇంకొకరికి ఇచ్చారు. తాళం లేని చోట ఎలా ఉండాలో వాడు అక్కడ నేర్చుకోలేదు.

ఇక్కడ తాగుడు మానిన నలుగురు కలిసి ఉంటారు. ఎవరి తాళంచెవి వారిదే. పగలు పనికి పోతారు, వంతులవారీగా వండుతారు, ఖర్చు పంచుకుంటారు. లెక్క నేను రాస్తాను. గడువు లేదు. తాగినవాణ్ణి మాత్రం మిగతావాళ్లు ఆ పూటే బయటికి పంపుతారు.

మొన్న నువ్వు బలానికని బస్సులో పంపిన ద్రాక్షారిష్టం సంగతి విను. అన్నం తిన్నాక సుధాకర్ మూతలోకి వంచుకుంటున్నాడు. దూదిమిల్లులో పనిచేసే ఖాదర్, ఈ ఇంట్లో అందరికన్నా పాతవాడు, వాసన పట్టాడు.

“ఏందప్పా అది?”

“బలానికి, అన్నా. మా నాయన పంపినాడు. ఆయుర్వేదం.”

“నీ నాలుకకు ఆయుర్వేదమో సారాయో తెలుస్తాదా? పులిసిందంటే పులిసిందే. తాగితే పెట్టె సర్దుకో, నేనే బస్సెక్కిస్తా.”

“మూతెడు గూడా లేదు గదన్నా!”

“నేనూ మూతెడుతోనే మొదలుపెట్టినా.”

సుధాకర్ సీసా, మూత నా ముందుకు జరిపాడు. తర్వాత, “జేజీ, నువ్వే పారబోయ్. నా చేత్తో పోయలేను,” అన్నాడు. మోరీలో పోశాను.

అరిష్టమంటే పులియబెట్టిన మందని ఒక అర్థం, కీడని ఇంకొకటి. నువ్వు మొదటిది పంపావు, ఇక్కడికి రెండోది దిగింది. వార్డెన్ ఉంటే సీసా గేటు దగ్గరే ఆగేది. ఇక్కడ సుధాకర్ చేతిదాకా వచ్చి ఆగింది. నాకు కావలసింది ఇదే.

పెళ్లి చేస్తే దారిలో పడతాడంటావు. పరాయివాళ్ల బిడ్డను మన ఇంటి రోగానికి మందుగా నూరను. సాయంత్రమైతే నీ స్నేహితులు సీసాలతో చేరే పంచకు వాణ్ణి తీసుకురాను. ఊరు ఏమంటుందో అన్నావు. అననీ.

కుందూ నిండుగా పారుతోంది, ముసురుకు బట్టలు ఆరడం లేదు. మాట్లాడుకోవడానికి తోడు ఆడమనిషి లేదు, ఆ వెలితి ఉంది. అయినా బాగానే ఉన్నాను, బెంగ పడవద్దు. మీ పెద్దత్తకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ అమ్మ
వెంకటసుబ్బమ్మ

ఇక జరగవలసినవి:

1. ఇది చదివిన రోజే ఆడపిల్ల వాళ్ల ఇంటికి వెళ్లు. మనవాడు తాగేవాడని, మాని ఏడాది కూడా కాలేదని నీ నోటితో చెప్పు. వేరే సంబంధం చూసుకోమను.

2. నాకు జొన్నలు, రెండు నేతచీరలు పంపు. ఎప్పుడు తిరిగి వస్తావని అడగకు.

3. వచ్చే ఆదివారం కొడుకును చూడడానికి రా. తాగకుండా రా. ఆదివారం తలుపు తీసే వంతు సుధాకర్‌ది. కన్నకొడుకు చేత తలుపు మూయించుకోకు.