ఇరవయ్యో ఫారం

ఏసుబాబూ,

చాట్రాయి మామిడితోటలో కాయలు కోస్తూ నువ్వు చెట్టు మీంచి పడి చనిపోయి నేటికి ఏడాది. ఈ ఉదయం మన బీపీఎడ్ వ్యాయామ కోర్సు వాళ్లని సార్ వరసలో నిలబెట్టి నంబర్లు చెప్పించారు. నువ్వు పోయాక నీ ఏడు నేనే చెబుతున్నాను. ఇవాళ ఆరు తర్వాత పక్కనుంచి 'ఏడు' వినబడింది. నేను ఎనిమిది అన్నాను. చివరికి లెక్క ఇరవై వచ్చింది. ఉన్నది పంతొమ్మిది మందిమే.

"కోర్సు మీద మీ అభిప్రాయం రాయండి. పేర్లు వద్దు," అంటూ సార్ ఇరవై ఫారాలు ఇచ్చారు. ఇరవై తిరిగొచ్చాయి. పోగుచేసింది నేనే.

'మళ్లీ ఇదే కోర్సులో చేరతారా?' అన్నచోట, ఎండలో పరుగులు తప్ప ఏముందని, నేను చేరననే రాశాను. ఒక ఫారం అంచున మామిడి సొన మరక ఉంది. అందులో అదే ప్రశ్న కింద, నీ దస్తూరీలో, 'నేనసలు మానలేదండీ' అని ఉంది.