ఆకురాయికి నూనె

మెదక్, సోమవారం

నాయినకు బాలలక్ష్మి దండాలు. ఫోన్‌లో నా గొంతు వింటే అలసిపోయానని అమ్మ పట్టేస్తుంది, అందుకే ఈ కార్డు.

ఐటీఐ వాళ్లు ఇప్పించిన అప్రెంటిస్ పనిలో చేరి నెల దాటింది. ఇంకా మెషిన్ దగ్గరికి రానివ్వలేదు. పొద్దంతా ఒకటే ఇనుప దిమ్మెను ఆకురాయితో చదునుగా రాకాలి. భుజాలు పడిపోతున్నాయి. శనివారం పని దిగేటప్పుడు, నువ్వు కొడవలికి రాసినట్టే, తుప్పు పట్టకుండా ఆకురాయికి నూనె రాసి పెట్టాను. ఇవాళ ఎంత రాకినా ఇనుము అరగదు, ఆకురాయి జారిపోతుంది. పని నేర్పే ఏలీయా సార్ వచ్చి, "దీనికి నూనె రాయమని ఎవలు చెప్పిండ్రు?" అన్నారు. "మా నాయిన" అన్నాను. అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. "మీ నాయిన మంచిగనే నేర్పిండు బిడ్డా, గని గిది కొడవలి కాదు" అని సుద్దముక్క ఇచ్చి, నూనె అంతా పీల్చేదాకా రుద్దించారు. సగం రోజు దానికే పోయింది.

బర్రె ఈనిందా? అమ్మ మోకాలు దవాఖానలో చూపించావా? పాత నూలు చీర చింపి నాలుగు పీలికలు పంపు, అరచేతికి చుట్టుకోవాలి. ఎందుకని అమ్మ అడిగితే మెషిన్ తుడవడానికని చెప్పు. తమ్ముణ్ణి అడిగానను.

కంది కోతలకు రమ్మన్నావు. నాగా పెడితే నా చోటు ఇంకొకరికి ఇస్తారు నాయినా. నా కొడవలికి నూనె కాస్త ఎక్కువే రాసి చూరులో పెట్టు. ఈసారి అది కిందికి దిగదు.

నీ బిడ్డ
బాలలక్ష్మి