వదిలేయమన్న పేరా

పూజ్య కార్డినల్ తండ్రిగారికి,

నా వంకర అక్షరాలను, తప్పులను క్షమించండి. ఏడో తరగతితో నా చదువు ఆగిందని మీకు తెలుసు. అమ్మ మీ వంటగదిలో కూరలు తరుగుతుంటే మీ వ్యాసాలు నాచేత పైకి చదివించేవారు. కార్డినల్ అయి ఎర్ర టోపీ వచ్చాక కూడా, నాకు అర్థం కాని వాక్యాన్ని కొట్టేసి మళ్ళీ రాసేవారు.

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ అమెరికాలో, షాంటిలీ ఊళ్ళో తెలుగువాళ్ళం చర్చిలో మీకోసం పూజ పెట్టించాం. మీ వ్యాసం చదివే పని నాకిచ్చారు. చట్టానికి లోబడాలి గానీ, ఆశ్రయం కోరి వచ్చిన మనిషిని పట్టివ్వమంటే లోబడకూడదని మీరు రాసిన పేరా అందులోనే ఉంది. చర్చి ఊడ్చే మరియాకు ఈ దేశంలో ఉండే కాగితాలు లేవు. రెండు వారాలుగా చర్చి హాల్లోనే దాక్కుంటోంది. ఆమెను పంపేయాలా వద్దా అన్నది పూజ తరవాత చర్చి కమిటీ తేల్చాలి.

కారులో మా ఆయన అన్నారు: "ఆ పేరా స్కిప్ చేసెయ్. ఎవరైనా వీడియో తీస్తే మన గ్రీన్‌కార్డ్ ఏమవుద్ది?"

"తండ్రిగారు రాసింది కదండీ."

"ఆయనకేం, వీసా గొడవ లేదుగా!"

ఆ పేరా దగ్గరికి రాగానే తలెత్తి చూశాను. ముందు వరుసలోంచి మా ఆయన వద్దని తల ఊపారు. చదివేశాను.

అయినా కమిటీ ఆమెను పంపేయాలనే తేల్చింది. మా ఆయన బయటికి వెళ్ళి కారు వెనక డోర్ తెరిచారు. "రమ్మను," అన్నారు నాతో.

ఇప్పుడు మరియా మా పక్క గదిలో ఉంది. కింద కారు ఆగినప్పుడల్లా ముగ్గురం మాటలు ఆపేస్తున్నాం. ఆమె ఎక్కడుందో ఇందులో రాసేశాను. మీకు అందదని తెలుసు. అయినా తండ్రిగారూ, చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి.