తర్వాతి మాటేంటి, బారీ?

ఆక్టన్, లండన్
1978 నవంబరు 16, గురువారం

చిరంజీవి బారీ నటాల్‌కు,

ఎడ్నా అక్క దీవించి రాసేది. మోకాళ్ళ సంగతి తప్పిస్తే నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, షీలా, మీ లాడ్జికి వచ్చిపోయే జనమూ క్షేమమని తలుస్తాను. మోర్‌కాంబ్‌లో ఈపాటికి సముద్రపు గాలి కోసేస్తూ ఉంటుంది. మెడకు మఫ్లర్ చుట్టుకుని తిరుగు, నీకు మొదటినుంచీ గొంతే బలహీనం.

మర్యాదలు అయిపోయాయి. ఇక తిట్లు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నాలుగేళ్ళకు కలం పట్టావు, అదీ నా తమ్ముడు విల్ఫ్‌ని నానా మాటలూ అనడానికి! శనివారం టీవీలో వాడి కామెడీ సీరియల్ ‘పై వాటా వాళ్ళు’ చూశావట. విల్ఫ్ మాట మరిచిపోయినట్టు నటిస్తూ, నీ పేరు పెట్టి పిలిచి, దేశం మొత్తం ముందు నిన్ను వెక్కిరించాడట. ఇక వాడి శవం దగ్గరికి కూడా రానని రాశావు. ఒరేయ్, చేతికి ఎంత మాటొస్తే అంత రాసేయడమేనా?

వాడు నటించలేదు బారీ. వాడి మెదడులో గడ్డ ఉంది. ఆగస్టులో తేలింది. కత్తి పెట్టడానికి వీల్లేని చోట ఉందట. క్రిస్మస్ చూస్తే గొప్పే అన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పొద్దని వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి నీకు చెబుతున్నాను.

నీకు కోపం ఉండటం న్యాయమే. ఓల్డమ్‌లో మా వంటింట్లో మొదలైన బతుకులు మీవి. వాడు గదంతా తిరుగుతూ మాట విసిరేవాడు, నువ్వు బల్ల మీద కూర్చుని ఎదురు మాట వేసేవాడివి, నేను టైపు కొట్టేదాన్ని. నేను నవ్వితేనే ఆ మాట కాగితం ఎక్కేది. మా అక్కని నవ్వించడం కంటే గోడని నవ్వించడం తేలిక అని వాడు నన్ను ఆడిపోసుకునేవాడు. క్లబ్బుల్లో తాగి అరిచే మిల్లు జనం ముందు నిలబడ్డారు, రేడియోకి ఎక్కారు, టీవీకి వచ్చారు. జనం నవ్విన మాటను తీసేసే హక్కు మనకు లేదని ఇద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ తర్వాత వాడు డైరెక్టరయ్యాడు. నీతో ఒక్క మాట చెప్పకుండా నీ వేషం తీసి గెరాల్డుకి ఇచ్చాడు. నువ్వు రిహార్సల్ హాల్లో అడుగుపెట్టేసరికి నీ కుర్చీలో గెరాల్డ్ ఉన్నాడు. నెల రోజులు నేను వాడి మొహం చూడలేదు. తప్పు వాడిదే, కాదనను.

ఇప్పుడు నువ్వు చూసింది ఏమిటో చెబుతాను. ఆ ఎపిసోడ్ సెప్టెంబరు చివర్లో తీశారు. అప్పటికే వాడికి మాటలు జారిపోతున్నాయి. టీపాట్ మూత లోపల, పేపరు మడతలో, వెన్న గిన్నె పక్కన, ఎక్కడ వీలైతే అక్కడ వాడి మాటలు రాసి అంటించాను. హాలు నిండా జనం. టిఫిన్ బల్ల సీన్. వాడు నోరు తెరిచాడు, మాట రాలేదు. టోస్టు వైపు చూశాడు. జనం నవ్వారు. గెరాల్డ్ వైపు తిరిగి, తర్వాతి మాటేంటి బారీ అని అడిగాడు. నేను బారీని కానండీ అన్నాడు గెరాల్డ్, దిక్కుతోచక. హాలు గొల్లుమంది. వాడు లేచి బల్ల కింద చూశాడు, కర్టెను తొలగించి చూశాడు. ఎక్కడికెళ్ళావురా బారీ, నాకు రావట్లేదురా, వచ్చి చెప్పరా అని బతిమాలాడు. జనం కుర్చీల్లో మెలికలు తిరిగిపోయారు. కెమెరా పట్టుకున్నవాడి భుజాలు ఊగుతున్నాయి. జబ్బు సంగతి తెలిసిన నాకే నవ్వొచ్చిందిరా! పాపిష్ఠిదాన్ని, నవ్వాను. అప్పుడు వాడి ప్యాంటు తడిసింది. టీ ఒలికిందనుకుని జనం దానికీ నవ్వారు.

ప్యాంటు మార్చి తీసుకొచ్చాం. గెరాల్డ్ ఒక్కో మాటా గుసగుసగా అందిస్తుంటే ఆ సీను మళ్ళీ శుభ్రంగా తీశారు. తర్వాతి వారం, టేపు కత్తిరించి అతికే జాయిస్ జబ్బు సంగతి తనే పసిగట్టి, రెండోసారి తీసిందే పెడదామని ఏడుస్తూ చెప్పింది. ఆవేళ వాడికి తెలివి నిలకడగా ఉంది. రెండూ చూశాడు. మొదటిదే ఉంచమన్నాడు. అది నువ్వు కాదు విల్ఫ్, నీ జబ్బు అంది జాయిస్. జనానికి ఆ తేడాతో పనేంటమ్మా, ముప్పై ఏళ్ళు రాసి చచ్చినా ఇంత నవ్వు నేను తెప్పించలేకపోయాను, ఉంచు అన్నాడు. ప్యాంటు తడిసిన ముక్క ఒక్కటే తీయించాడు. మన టీవీలో కంటతడి తప్ప ఏ తడీ చూపించకూడదు అని దానికీ ఒక జోకు వేశాడు వెధవ.

నేను ఊరుకోలేక, కనీసం బారీ పేరైనా తీసెయ్యరా, వాడు అపార్థం చేసుకుంటాడు అన్నాను. దానికి వాడేమన్నాడో విను. ఇంకెవరికీ తెలియకపోవచ్చు గానీ బారీకి తెలుస్తుందక్కా, నేను నటిస్తే ఎలా ఉంటుందో వాడికి తెలుసు, ఇది నటన కాదని చూడగానే పట్టేస్తాడు, మర్నాడే రైలెక్కుతాడు చూడు అన్నాడు. నువ్వేమో రైలెక్కలేదు. నాలుగు కాగితాల తిట్లు పంపావు.

నిన్ను ఏడిపించాలని ఇది రాయలేదు. సరే, కొంచెం ఏడిపించాలనే రాశాను. ఏడ్చి, మొహం కడుక్కుని బయల్దేరు. వాడు రోజూ నిన్నే అడుగుతున్నాడు. నిన్ను చూస్తే రెండు తిట్లు తిడతాడు, నువ్వూ రెండు తిట్టు. వాడి చేతిని కాసేపు పట్టుకో. ఈ ఆదివారం దాటనివ్వకు. ముందు గదిలో నీకు పక్క వేస్తాను.

షీలాకు నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ ఇద్దరినీ భరించిన అక్క,
ఎడ్నా టాటర్సాల్

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ విప్పాను. వాడు రోజూ నిన్ను అడుగుతున్నాడన్నది అబద్ధం. అలా రాస్తే తప్ప నువ్వు రావని రాశాను. పది రోజులుగా వాడికి ఎవరి పేరూ తెలియదు. నన్ను నర్సమ్మా అని పిలుస్తున్నాడు. శనివారం నీలాగే మేమూ టీవీ ముందు కూర్చున్నాం. ఆ సీను వచ్చింది. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎవరు నర్సమ్మా ఈ ముసలాడు, మాట మరిచిపోయినట్టు భలే చేస్తున్నాడే అన్నాడు. కాసేపటికి నవ్వు ఆపేసి నా చెయ్యి పట్టుకుని, అంతలా పిలుస్తుంటే ఆ బారీ అనేవాడు రాడేం నర్సమ్మా అని అడిగాడు.