‘యూ’ అంటే నువ్వా, మీరా?

ఇంగ్లీషు మాస్టారు గారికి,

సైకిల్ షాపు మీది గదిలో సాయంత్రం క్లాసులు చెప్పే మీకు, వెనక వీధి కుట్టు కొట్టు యజమానురాలు నమస్కారం చేసి రాయిస్తున్న ఉత్తరం. మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను.

మా కోడలు మీ దగ్గర చదువుకుంటోంది. పంపింది నేనే. కొట్టుకి వచ్చేవాళ్ళు కొలతలన్నీ ఇంగ్లీషులో చెప్తుంటే మేమిద్దరం మొహమొహాలు చూసుకోవాల్సి వస్తోంది, పోనీ ఆ పిల్లన్నా నేర్చుకుంటుందని పంపాను. బాగా నేర్చుకుంది. మొన్న కొట్లో నలుగురూ ఉన్నారు. నేను బల్ల మీద గౌను గుడ్డ పరిచి కత్తిరించబోతున్నాను. వెనకనుంచి వచ్చి "అత్తయ్యా, నువ్వు కాస్త జరుగు" అంది. నువ్వట! జరుగట! నా చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. కాజాలు కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి, చొక్కా అక్కడే వదిలేసి బయటికెళ్ళి నిలబడ్డాడు.

"ఏమన్నావ్?" అన్నాను. మొహం ఎర్రగా చేసుకుని, చేతిలో టేపు వేలికి చుట్టుకుంటూ, "ఇంగ్లీషులో అంతే అత్తయ్యా. చిన్నా పెద్దా అందరికీ ఒకటే మాట. మా మాస్టారు చెప్పారు" అంది. ఆ రోజు నుంచీ ఇంట్లో కూడా నువ్వే.

పెళ్ళయి వచ్చినప్పటినుంచీ నన్ను ‘మీరు’ తప్ప అనని పిల్లండీ! అది చాలదన్నట్టు, క్లాసులో "నువ్వెవరు?" అని అడిగి జవాబు రాసుకు రమ్మన్నారట. పెళ్ళయిన పిల్లని పట్టుకుని నువ్వెవరని అడగడమేమిటి? మిషను ముందు కూర్చుని అదే ఆలోచన. ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టింది. నన్నడిగితే ఒక్క ముక్కలో చెప్పేదాన్ని కదా, నా కోడలని.

వెంటనే జవాబు రాయండి. లేకపోతే నేనే మెట్లెక్కి వస్తాను.

ఇట్లు,
ఇంకా తేరుకోని
కుట్టు కొట్టు అత్తగారు

తా.క. ఈ ఉత్తరం తెచ్చేది మా కోడలే. అంటిస్తే ఆవిరి పట్టి విప్పుతుందని, కవరు మూత మిషను మీద కుట్టేశాను.

ఇంకో తా.క. ఆవిడ చెప్తుంటే ఇది రాసింది నేను, ఆవిడ భర్తని. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాను. అలవాటుకొద్దీ తిట్లన్నీ కొట్టేశాను. ఆవిడకి చెప్పకండి.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాను. ఇన్నేళ్ళుగా ‘యూ’ అనే మాట నేర్పుతున్నాను గానీ, అది కొంపలు కూల్చే మాటని ఈ రోజే తెలిసింది.

జరిగింది ఇదమ్మా. క్లాసులో ఒక ఇంగ్లీషు కథ చదువుతున్నాం. ఒక రొట్టెల దుకాణం, దాన్ని నడిపే పెద్దావిడ, ఆవిడ దగ్గర పనిచేసే అమ్మాయి. పెద్దావిడ నోరు పెద్దది, మనసు మంచిది. కథంతా ఇద్దరూ ఒకరినొకరు ‘యూ’ అనే అనుకుంటారు. మీ కోడలు లేచి, "సార్, మన మాటల్లో చెప్పుకుంటే ఈ అమ్మాయి ఆవిణ్ణి నువ్వు అంటుందా, మీరు అంటుందా?" అని అడిగింది. అంతే, క్లాసు క్లాసంతా లేచింది. క్లాసుకొచ్చే ఆస్పత్రి నర్సు నువ్వు అనాలంది. బస్సు కండక్టరు మీరు అంటే మాత్రం ఏం పోతుందన్నాడు. మాట మారితే మనిషే మారిపోతుందని ఆవిడ, ఏ మాటన్నా మనిషి అదే మనిషని ఆయన. ఇప్పుడు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇంట్లో పెద్దవాళ్ళని నువ్వు అనమని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు, ఒట్టు.

"నేనెవరు?" అన్నది వ్యాసం మాత్రమే. మీ కోడలు బాగా ఆలోచిస్తుంది. ఇంకా తన గొంతు తనకి దొరకలేదు, అంతే. కథకి చివర లేదు. అమ్మాయి దుకాణం వదిలి వెళ్ళిపోతుందో, ఉంటుందో క్లాసులో వాళ్ళనే రాసుకు రమ్మన్నాను. ఆ పెద్దావిడ పాత్ర అంటే మీ కోడలికి చాలా ఇష్టం. "అచ్చం మా అత్తయ్యే సార్" అంటుంది.

ఇట్లు,
విధేయుడు,
ఇంగ్లీషు మాస్టారు

తా.క. కుట్టు విప్పడానికి బ్లేడు వాడాను. మీ ఉత్తరం ఒక మూల, నా వేలు ఒక పక్క తెగాయి.

*

మాస్టారు గారికి,

మీ ఉత్తరం చదివించుకుని కుర్చీలో కూలబడ్డాను. ఒక దెబ్బకి మందు అడిగితే ఇంకో మూడు కొట్టారు.

ఒకటి. మా పిల్ల గొంతు పోయిందని అంత తాపీగా రాస్తారా? అప్పటినుంచీ పూటపూటా ఉప్పునీళ్ళు పుక్కిలింపిస్తున్నాను. "నాకేం కాలేదు" అని మొత్తుకుంటోంది. ఆ మొత్తుకోవడం వింటే గొంతు బాగానే ఉన్నట్టుంది.

తర్వాత, నన్ను పాత్ర అంటారా? ఏ పాత్రండీ, గిన్నెనా, గంగాళమా? పాత్రంటే కథలో మనిషని మా ఆయన సర్దిచెప్పారు. అంటే నన్ను కథలోకి కూడా ఎక్కించేశారన్నమాట! నా నోరు పెద్దదని సైకిల్ షాపు మీద కూర్చుని అందరూ చదువుకుంటున్నారన్నమాట!

అవన్నీ పోనివ్వండి. ఆ పిల్ల వెళ్ళిపోతుందో లేదో రాసుకు రమ్మనడమేమిటి మాస్టారూ? నిన్న మిషను తొక్కుతూ తనలో తను గొణుక్కుంటోంది. "గో, గో" అని వినబడింది. గో అంటే వెళ్ళడమని నాకూ తెలుసు. నాకు భయంగా ఉంది. ఉన్నది ఒక్క కొడుకు, వాడికి నోట్లో నాలుక లేదు. ఈ పిల్ల పద అంటే చెప్పులేసుకుంటాడు. నా ఎదురుగా ఆ రెండో మిషను ఖాళీగా ఉంటే నేను చూడలేను.

అందుకని చెప్తున్నాను. నా ‘మీరు’ నాకు తిరిగి ఇప్పించండి. అప్పటిదాకా మా కోడలు క్లాసుకి రాదు. ఈ ఉత్తరం ఇవ్వడానికొచ్చిందే ఆఖరు.

ఇట్లు,
గంగాళం కాని
అత్తగారు

తా.క. ఈసారి బ్లేడు పెట్టకండి. దారం కొస వదిలాను, లాగితే చాలు.

ఇంకో తా.క. గంగాళం అన్న మాట నాది కాదు, ఆవిడే అంది. నేను నవ్వాను, అంతే. దానికే నాకు టీ బంద్.

*

అమ్మగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చూసి నాకు ముచ్చెమటలు పట్టాయి. మీ కోడలు చదువు మానేస్తే ఆ పాపం నాకే చుట్టుకుంటుంది. వెంటనే ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, ఇంట్లో పెద్దవాళ్ళని మీరు అనే పిలవాలని గట్టిగా చెప్పాను. "సరే సార్" అంది. కళ్ళు తుడుచుకుంది. సుద్ద పొడి పడిందనుకున్నాను.

మీ ‘మీరు’ ఈపాటికి మీకు అందే ఉంటుంది. అందినట్టు తెలియజేయగలరు. అమ్మాయిని క్లాసుకి పంపగలరు.

ఇట్లు,
ఎవరి ఇంటి విషయాల్లోనూ తలదూర్చని
ఇంగ్లీషు మాస్టారు

తా.క. దారం లాగాను. కవరు మొత్తం ఊడి మెట్ల మీదుగా సైకిల్ షాపులో పడింది. మీ ఉత్తరం వాళ్ళు కూడా చదివారు. వాళ్ళు మీ పక్షమే.

*

మాస్టారు గారికి,

మీరు పంపిన ‘మీరు’ అందింది. కాస్త ఎక్కువ పంపినట్టున్నారు.

"మీరు కొంచెం జరగగలరా అత్తయ్యా" అంటోంది. "మీరు భోజనానికి రండి" అంటోంది. బ్యాంకులో మాట్లాడినట్టు ఉంది. నువ్వు అన్న ఆ నాలుగు రోజులూ నాతో గొడవపడేది. "నీకు చూపు ఆనదు, సూది నాకియ్యి" అని నా చేతిలోంచి లాక్కునేది. ఇప్పుడు దారం ఎక్కించి, సూది బల్ల మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోతోంది. నిన్న ఇద్దరం మధ్యాహ్నం నుంచీ చీకటి పడేదాకా ఎదురెదురుగా కుట్టాం. మిషన్లు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

నాకేం బాధ లేదు. అడిగింది ఇచ్చారు, సంతోషం. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఇంగ్లీషు అంత పెద్ద భాష కదా, అందులో నువ్వుకీ మీరుకీ మధ్యలో ఏదన్నా మాట ఉందా? ఉంటే ఆ పిల్లకి నేర్పండి. దానికోసమైతే క్లాసుకి పంపుతాను.

ఇట్లు,
బాధ లేని
అత్తగారు

తా.క. బాధ ఉంది మాస్టారూ. ఇది ఆవిడ భర్త మాట. నిన్న ఒక ప్యాంటుకి మూడో కాలు కత్తిరించబోయింది.

*

అమ్మగారికి,

నమస్కారాలు. నువ్వుకీ మీరుకీ మధ్య ఇంగ్లీషులో ఏమీ లేదు. అసలు అందులో ఆ రెండూ లేవు.

నాకు ఆశ్చర్యంగా ఉన్నది ఇంకొకటి. ఇన్ని ఉత్తరాలు కుట్టించి పంపారు, ఇన్ని ప్రశ్నలు నన్ను అడిగారు. నువ్వని ఎందుకన్నావని ఆ అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా?

ఇట్లు,
ఇంగ్లీషు మాస్టారు

*

మాస్టారూ,

అడిగాను. అడగ్గానే "ఇంగ్లీషులో అంతే" అని మొదలుపెట్టింది. "ఇంగ్లీషు సంగతి మీ మాస్టారు చెప్పాడు, నీ సంగతి చెప్పు" అన్నాను. చేతిలో గుడ్డ పక్కన పెట్టి ఏడ్చేసింది.

"ఇంగ్లీషు కాదు అత్తయ్యా. ఆ రోజు పని ఒత్తిడిలో నోరు జారింది. మా అమ్మని అన్నట్టే అనేశాను. మీరు కత్తెర పట్టుకుని అలా చూసేసరికి భయమేసి, మాస్టారి మీదకి తోసేశాను" అంది.

"నోరు ఒక్కసారి జారుతుంది. మరి ఆ తర్వాత కూడా అన్నావుగా?"

"ఒకసారి అన్నాక బాగుంది. మానబుద్ధి కాలేదు."

ఇన్నాళ్ళ షాకులూ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. నేను తిట్టు అనుకున్నది అమ్మని పిలిచే పిలుపట. నాకు ఆడపిల్లలు లేరు మాస్టారూ. నన్ను నువ్వు అని కసిరే కూతురు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఎదురుగా కూర్చుని కసురుతుంటే, మర్యాద పోయిందని మీకు ఉత్తరాలు కుట్టాను. ఇద్దరం కూర్చుని బాగా ఏడ్చాం. గొణుక్కున్నది కూడా "గో" కాదట, "డోంట్ గో" అట. కథలో ముసలావిడ చేత అనిపించింది. మిషను చప్పుడులో ముందు మాట నాకు వినబడలేదు.

ఇకనుంచి నువ్వు అనే పిలవమన్నాను. కానీ కోడలి చేత నువ్వు అనిపించుకుంటోందని నలుగురూ నవ్వరూ? అందుకని ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఎవరన్నా అడిగితే ఇంగ్లీషు మాస్టారు నేర్పాడని చెప్తాం. వీధిలో మీ పేరు కాస్త చెడుతుంది, ఏమనుకోకండి. ఈ అబద్ధం నిలబడాలంటే ఆ పిల్ల క్లాసు మానకూడదు. రేపట్నుంచి పంపుతున్నాను. బాగా చెప్పండి.

ఇట్లు,
మీ మీద నింద వేసి సుఖంగా ఉన్న
అత్తగారు

తా.క. కవరు కుట్టలేదు, అంటించనూ లేదు. దారిలో చదువుకుంటే చదువుకోనివ్వండి, నా కోడలే కదా.

ఇంకో తా.క. మాస్టారూ, నేను ఆవిడ భర్తని. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి, ఇంకో చేతిలో టీ గ్లాసుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను ‘ఏమండీ, మీరు’ తప్ప అనని మనిషి, ఇందాక కోడలి ఎదురుగానే "నువ్వు ఆ రాయడం ఆపి టీ తాగు" అంది. ఇదేమిటని అడిగితే, ఇంగ్లీషులో అంతే అంది. ఆవిడ మీ క్లాసుకి ఎప్పుడు వచ్చిందండీ?